సైలెన్సర్ మార్చే ముందు

డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0420 అనే కోడ్ వస్తుంది. షెడ్డులో వినిపించే తీర్పు చాలాసార్లు ఒకటే: క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చాల్సిందే. లోపల ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత ఉండే భాగం కనుక దాని ఖరీదు మామూలుగా ఉండదు. ఎలాగోలా డబ్బు సర్ది కొత్తది వేయిస్తారు, లైటు ఆరిపోతుంది. కొన్ని నెలలు గడిచాక అదే లైటు మళ్లీ వెలుగుతుంది. అప్పుడు నింద కంపెనీ మీదకో, నకిలీ పార్టు మీదకో పోతుంది. చాలా సందర్భాల్లో కొత్త కన్వర్టర్‌ను చంపింది పాతదాన్ని చంపిన కారణమే. దాన్ని ఎవరూ వెతకలేదు, అంతే. ఇంజిన్ నుంచి వెనక బంపరు దాకా సాగే, వాడుకలో సైలెన్సర్ అనే ఈ గొట్టాల వరసలో పాడైపోయి కనిపించే భాగం ఎక్కువసార్లు బాధితురాలు. దోషి దానికి ముందు, ఇంజిన్ వైపు ఉంటుంది. అందుకే తనిఖీ ఇంజిన్ దగ్గర మొదలై వెనక్కి నడవాలి, పార్టు కొనడం అన్నిటికన్నా చివరి పని కావాలి. ఇలా అనడానికి ఆధారాలు ఆ గొట్టంలో జరిగే రసాయన, భౌతిక చర్యల్లోనే ఉన్నాయి.

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు, కిలో పైచిలుకు నీటి ఆవిరి పుడతాయి. అంటే లీటరు పెట్రోలుకు దాదాపు లీటరు నీరు. వీటితో పాటు పూర్తిగా మండక మిగిలిన కార్బన్ మోనాక్సైడు, అసలే కాలని హైడ్రోకార్బన్లు, మంట వేడికి గాలిలోని నత్రజని ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడిన నైట్రోజన్ ఆక్సైడ్లు బయలుదేరతాయి. ఈ మూడింటినీ లొంగదీసేది కన్వర్టర్. అందులో సిరామిక్ తేనెపట్టు ఉంటుంది, మామూలుగా చదరపు అంగుళానికి 400 దాకా సన్నని దారులతో. వాటి గోడల మీద పూసిన లోహాలను రాసుకుంటూ వాయువు పోయేటప్పుడు మోనాక్సైడు డయాక్సైడుగా, హైడ్రోకార్బన్లు నీరూ డయాక్సైడుగా, నైట్రోజన్ ఆక్సైడ్లు హాని లేని నత్రజనిగా మారతాయి. దీనికి రెండు షరతులున్నాయి. తేనెపట్టు దాదాపు 250-300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. ఇంజిన్‌లోకి పోయే గాలి, పెట్రోలు బరువుల నిష్పత్తి 14.7కి 1 చుట్టూనే ఉండాలి. గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు విడిపోవు, తక్కువైతే మోనాక్సైడు మండదు. ఆ సన్నని గీత మీద ఇంజిన్‌ను నిలబెట్టేది ఆక్సిజన్ సెన్సర్. బాష్ కంపెనీ చేసిన ఈ సెన్సర్ 1976లో వోల్వో కార్లతో వాడుకలోకి వచ్చింది. జిర్కోనియాతో చేసిన మామూలు రకంలో, మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైతే వోల్టేజీ 0.9 దగ్గరికి లేస్తుంది, గాలి ఎక్కువైతే 0.1 దగ్గరికి పడుతుంది. ఆ అంకెను చూసుకుంటూ ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును నిరంతరం సరిదిద్దుతుంది. కన్వర్టర్ వెనక ఇంకో సెన్సర్ కూర్చుని అది పని చేస్తున్నదో లేదో గమనిస్తుంది.

పీ0420 అంటే ఏమిటో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న కన్వర్టర్ ఆక్సిజన్‌ను కాస్త దాచుకుని, కాస్త విడుస్తూ ఉంటుంది కనుక వెనక సెన్సర్ వోల్టేజీ నిలకడగా ఉంటుంది. ఆ సామర్థ్యం తగ్గితే వెనక సెన్సర్ కూడా ముందుదానిలాగే ఎగిరిపడుతుంది. ఆ ఎగిరిపాటును చూసి కంప్యూటర్ కోడ్ రాస్తుంది. అంటే అది సెన్సర్ల మాట విని చేసిన ఊహ మాత్రమే, కన్వర్టర్‌ను విప్పి చూసి చెప్పిన మాట కాదు. సెన్సర్‌కు తప్పుడు సమాచారం అందితే ఊహ కూడా తప్పుతుంది. తప్పుడు సమాచారం ఇచ్చేవాటిలో మొదటిది లీకు. ఇక్కడ న్యాయమైన సందేహం ఒకటి వస్తుంది: గొట్టం లోపల ఒత్తిడి ఎక్కువ కదా, చిల్లు పడితే పొగ బయటికి పోవాలి గానీ బయటి గాలి లోపలికెలా వస్తుంది? వాయువు గొట్టంలో ఏకధాటిగా పారితే ఈ సందేహం నిలిచేదే. కానీ అది దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, చుట్టుకు రెండు చొప్పున నిమిషానికి 1,600, సెకనుకు దాదాపు 27 ఒత్తిడి కెరటాలు గొట్టంలోకి దూకుతాయి. ఒక్కో కెరటం వెనక కాసేపు ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువకు పడిపోతుంది. ఆ క్షణంలో చిల్లు లోపలికి పీల్చుకుంటుంది. ఇంజిన్‌కు పొగ గొట్టాన్ని కలిపే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర సన్నటి పగులు ఉన్నా సరే, పీల్చిన ఆ గాలిని ముందు సెన్సర్ చూసి ‘పెట్రోలు తక్కువైంది’ అని కబురు పంపుతుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతుంది. నిజానికి మిశ్రమం సరిగానే ఉంది. ఇప్పుడది పెట్రోలు ఎక్కువైన మిశ్రమంగా మారుతుంది, మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులకు నల్లటి మసి పడుతుంది, కన్వర్టర్ అవసరానికి మించి వేడెక్కుతుంది. రెండు సెన్సర్ల మధ్య ఎక్కడైనా లీకుంటే వెనక సెన్సర్ మోసపోయి, బాగున్న కన్వర్టర్‌నే దోషిగా చూపే అవకాశం ఉంది. చిన్న పనీ, ఒక గాస్కెట్టూ సరిపోయే చోట కన్వర్టర్ మార్చమనడం ఇలాగే జరుగుతుంది.

కన్వర్టర్ నిజంగానే చచ్చిందనుకుందాం. అప్పుడైనా అది ఎలా చచ్చిందన్న ప్రశ్న వదలకూడదు. ఈ భాగంలో కదిలేదీ, అరిగేదీ ఏమీ లేదు. చర్యను నడిపిస్తూనే లోహాలు తాము ఖర్చు కాకపోవడం ఉత్ప్రేరకం లక్షణం. కనుక అకాలంగా పోయిందంటే బయటినుంచి ఏదో వచ్చి చంపిందనే అర్థం. దాన్ని చంపే దారులు మూడు: వేడి, విషం, తేనెపట్టును పగలగొట్టే దెబ్బ. ప్లగ్గో, కాయిలో పోయి ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే ఆ సిలిండర్‌లో కాలని పెట్రోలూ, వాడని ఆక్సిజనూ కలిసి నేరుగా కన్వర్టర్‌లోకి వచ్చి అక్కడ మండుతాయి. వేడి 1,000 డిగ్రీలు దాటితే లోహపు పూత గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది, ఇంకా పెరిగితే సిరామిక్కే కరిగి దారులు మూసుకుపోతాయి. ఇంజిన్ లైటు నిలకడగా వెలగకుండా మిణుకుమిణుకుమంటే అది ఈ ప్రమాదానికి గుర్తు. అప్పుడు కారును తొందరపెట్టి నడపకూడదు. ఇక విషం. రింగులూ, వాల్వు సీళ్లూ అరిగి ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే, ఆయిల్‌లోని భాస్వరం పూత మీద పేరుకుంటుంది. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ దిగితే అందులోని రసాయనాలు అదే పని చేస్తాయి. పెట్రోలులో కలిపే సీసమూ ఇలాంటి విషమే, దాని సంగతి మన దేశ చరిత్రలోనే ఉంది. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడు, దాంతోపాటే అక్కడ సీసం లేని పెట్రోలు అమ్మాల్సి వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పైనుంచి వచ్చేదాన్ని శుభ్రం చేయకుండా కన్వర్టర్‌ను బతికించలేమని ఆనాటి విధానకర్తలకు తెలుసు. అదే సూత్రం ఇవాళ ఒక్కో కారుకూ వర్తిస్తుంది.

అందువల్ల తనిఖీని చల్లటి ఇంజిన్‌తో, చెవులతో మొదలుపెట్టడం మంచిది. రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి టిక్కుటిక్కుమనే చప్పుడు వచ్చి, ఇంజిన్ వేడెక్కేకొద్దీ తగ్గిపోతే మానిఫోల్డ్ పగులునో, విరిగిన స్టడ్డునో, పోయిన గాస్కెట్టునో అనుమానించాలి. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది కనుక చప్పుడు మాయమవుతుంది. మధ్యాహ్నం షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్‌కు ఏమీ వినపడదు. అందుకే ఈ ఒక్క సంగతికోసం కారును ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలిపెట్టడం మేలు. లీకు దగ్గర మసి చార కూడా ఉంటుంది, టార్చి వేసి చూస్తే దొరుకుతుంది. కంటికి దొరకకపోతే వెనక గొట్టంలోంచి బ్లోయర్‌తో తక్కువ ఒత్తిడి గాలి పంపి, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లాలి. సైకిల్ ట్యూబును నీళ్లలో ముంచి పంక్చరు వెతికినట్టే, బుడగ లేచినచోట చిల్లు ఉంటుంది. పెద్ద షెడ్లలో ఇదే పనికి పొగ యంత్రం ఉంటుంది. ఆ తరువాత కారు కిందికి వెళ్లాలి. ఒక్క జాకీని నమ్ముకుని ఎవరూ కారు కింద దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. అక్కడ చూడాల్సింది రబ్బరు హ్యాంగర్లు తెగాయా, అల్లికతో ఉండే ఫ్లెక్స్ పైపు చిరిగిందా, క్లాంపులు వదులయ్యాయా అని. ఒక హ్యాంగర్ తెగితే గొట్టం బరువంతా ఊగుతూ ఫ్లెక్స్ పైపు మీదా, మానిఫోల్డ్ స్టడ్ల మీదా పడుతుంది. చాలా తక్కువ ఖరీదు చేసే రబ్బరు ముక్క ముందున్న పెద్ద భాగాన్ని విరగ్గొడుతుంది. గలగలమనే చప్పుడైతే ముందు కన్వర్టర్ మీద ఉండే పలచని వేడి తొడుగు వదులైందేమో చూడాలి, ఒక క్లాంపుతో ఆగిపోయే చప్పుడది. రబ్బరు సుత్తితో మెల్లగా తడితే లోపల ముక్కలు కదిలిన చప్పుడు వస్తే మాత్రం తేనెపట్టు పగిలినట్టే.

బండికి పికప్ తగ్గి, వేగం పెంచబోతే ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంటే పొగ పోయే దారి మూసుకుపోయిందేమో కొలిచి తెలుసుకోవచ్చు. ముందు సెన్సర్‌ను విప్పి అదే రంధ్రంలో ఒత్తిడి మీటరు బిగించాలి. ఐడిల్‌లో ఒకటిన్నర పీఎస్‌ఐ లోపు, 2,500 చుట్ల దగ్గర మూడు పీఎస్‌ఐ లోపు ఉంటే మామూలుగా దారి సవ్యంగా ఉన్నట్టు. అంతకు బాగా మించితే అడ్డం ఉంది. అప్పుడు కన్వర్టర్ వెనక గొట్టాన్ని వదులు చేసి మళ్లీ కొలిస్తే అడ్డం కన్వర్టర్‌లోనా, వెనక చప్పుడు తగ్గించే మఫ్లర్‌లోనా అనేది కూడా తేలిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కన్వర్టర్ ముందూ వెనకా వేడి చూసి తీర్పు చెప్పే పద్ధతి ఒకటి బాగా ప్రచారంలో ఉంది. పొగ చాలా శుభ్రంగా వచ్చే ఇప్పటి ఇంజిన్లలో లోపల మండటానికి మిగిలేదే తక్కువ కనుక, ఆ తేడా కనిపించనంత మాత్రాన కన్వర్టర్ పోయిందనడం తొందరపాటు. స్కానర్‌లోనే ఇంతకంటే నమ్మదగిన అంకె ఉంది. ఫ్యూయల్ ట్రిమ్ అని కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపిస్తుంది. అది సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే మిశ్రమం అదుపులో ఉన్నట్టు. పదిహేను, ఇరవై చూపుతూ ఉంటే ఆ కారణం తేల్చకుండా కన్వర్టర్ మీద చెయ్యి వేయకూడదు.

ఈ వాదన మీద వచ్చే బలమైన అభ్యంతరం ఏమిటంటే, కాలం చెల్లి పాడయ్యే భాగాలూ ఉంటాయి కదా, అన్నిటికీ ఇంజిన్‌ను అనుమానించడం ఏమిటని. ఇందులో నిజముంది. గొట్టాలూ మఫ్లర్లూ తుప్పు పట్టే పోతాయి. అయితే ఆ తుప్పును కూడా చదవాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే కారులో, ఇందాక చెప్పిన నీరు ఆవిరై పోకుండా మఫ్లర్‌లో నిలిచి, పొగలోని ఆమ్లాలతో కలిసి లోపలినుంచి తినేస్తుంది. చాలా మఫ్లర్లకు అడుగున చిన్న రంధ్రం పెట్టేది ఆ నీరు కారడానికే. దాన్ని చిల్లనుకుని వెల్డింగ్ చేయించేవాళ్లున్నారు, దాంతో మఫ్లర్ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది. తుప్పు బయటినుంచి మొదలైతే కారణం వేరు: విశాఖ, కాకినాడ లాంటి తీరాల్లో ఉప్పు గాలి, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్లకైతే చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగినట్టు నీళ్లలో నానిన కార్లకు గొట్టం వ్యవస్థనంతా విప్పి బురద తీసి చూడటం తప్పదు. వయసు మీరి కన్వర్టర్ పోయే మాటా నిజమే. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన కారులో ట్రిమ్ బాగుండి, లీకులు లేక, ఆయిల్ తగ్గక, మిస్సింగ్ లేక, వెనక సెన్సర్ మాత్రం ఎగిరిపడుతుంటే కన్వర్టర్‌ను నిశ్చింతగా మార్చవచ్చు. ముసలితనం అనే తీర్పు మిగతా కారణాలన్నీ కొట్టేశాక ఇవ్వాల్సినది.

రెండో అభ్యంతరం చాలా మంది మనసులో ఉంటుంది: పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కాబట్టి అంతా బాగున్నట్టేగా? భారత్ స్టేజ్ 4 (బీఎస్4) కాలుష్య ప్రమాణాల, ఆ తరువాతి పెట్రోలు కార్లకు మన నిబంధనల ప్రకారం ఐడిల్‌లో మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. ఇంజిన్‌ను 2,500 చుట్ల దాకా లేపినప్పుడు మోనాక్సైడు 0.2 శాతం లోపు, లాంబ్డా అనే గాలి నిష్పత్తి 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి. నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ పరీక్షలో కొలవరు. కనుక కన్వర్టర్ సగం పనిని గురించి ఈ కాగితం ఏమీ చెప్పదు. అయినా ఆ చీటీలో దాదాపు ఎవరూ చదవని లాంబ్డా అంకె చాలా విలువైనది. గొట్టానికి చిల్లుండి బయటి గాలి కలిస్తే మోనాక్సైడు శాతం పలచబడి తక్కువగా కనిపిస్తుంది, కారు గట్టెక్కినట్టు అనిపిస్తుంది. ఆ కలిసిన గాలిని లాంబ్డా పట్టిస్తుంది, అంకె 1.03 దాటిపోతుంది. పొగ గొట్టం కొసలో పరీక్ష యంత్రం నాళాన్ని నిజంగా లోపలిదాకా పెట్టి, రెండు వేగాల్లోనూ కొలిచిన చీటీ చేతిలో ఉంటే అది మెకానిక్‌కు మంచి ఆధారం. పాత చీటీలు దాచుకుని అంకెలు ఏడాదికేడాది ఎలా మారాయో చూపించడం ఇంకా మంచిది.

మూడోది అభ్యంతరం కన్నా సలహా రూపంలో వస్తుంది: కన్వర్టర్‌ను కోసేసి నేరుగా గొట్టం వేయించు, పికప్ పెరుగుతుంది, ఖర్చూ తగ్గుతుంది. దారి మూసుకుపోయిన కన్వర్టర్ తీసేస్తే బండి చురుగ్గా కదలడం నిజమే, కానీ ఆ చురుకు సవ్యమైన కన్వర్టర్ పెట్టినా వచ్చేదే. కన్వర్టర్ లేని ఇంజిన్ ఆ మూడు విషవాయువులనూ యథాతథంగా వీధిలోకి వదులుతుంది, స్కూలు బయట నిలబడ్డ పిల్లల ముక్కు ఎత్తులోకి. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని ఇలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. వాడిన కారు కొనేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. కన్వర్టర్‌లోని ప్లాటినం లాంటి లోహాల విలువ తెలిసిన దొంగలు గుజరాత్, మహారాష్ట్రల్లో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లను విప్పుకుపోయిన కేసులు వరసగా వచ్చాయి. పైడబ్బా ఉంచి లోపలి తేనెపట్టును ఖాళీ చేసిన బండి అమ్మకానికి రావడం అసాధ్యమేమీ కాదు. ముందు వెనక సెన్సర్ల వోల్టేజీ రేఖలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టుంటే అనుమానించాలి.

డీజిల్ కార్లలో ఇదే కథ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అమల్లోకి వచ్చాక వాటికి మసిని పట్టే డీపీఎఫ్ వడపోత వచ్చింది. పట్టిన మసిని అది సుమారు 600 డిగ్రీల వేడిలో తానే కాల్చుకోవాలి. హైదరాబాదులో రోజూ అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా పోయి వచ్చే బండికి ఆ వేడి అందదు, లైటు వెలుగుతుంది. హైవే మీద కాసేపు ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. నడిపినా నిండిపోతూనే ఉంటే ఇంజెక్టరు కారుతోందా, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఇరుక్కుందా, టర్బో ఆయిల్ వదులుతోందా, కంపెనీ చెప్పిన తక్కువ బూడిద ఆయిల్‌కు బదులు మరొకటి పోశారా అన్నది తేల్చాలి. మసి కాలుతుంది, ఆయిల్ బూడిద కాలదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే వడపోతను వేడెక్కించడానికి చిమ్మిన డీజిల్ ఆయిల్‌లో దిగుతోందని గుర్తు. ఇవేవీ చూడకుండా డీపీఎఫ్ మార్చినా, కడిగించినా ఆ డబ్బు వృథా.

లీకు విషయంలో ఖర్చుకు మించిన సంగతి ఒకటుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ తక్షణ ప్రాణాపాయంగా లెక్కించే గాఢత 1,200 పీపీఎం. మన పొల్యూషన్ పరీక్షలో ఐడిల్‌కు ఒప్పుకునే 0.3 శాతం అంటే 3,000 పీపీఎం. పరీక్ష పాసైన కారు పొగ కూడా గాలిలో కలవకముందు అంత గాఢంగా ఉండవచ్చన్నమాట, అదీ కన్వర్టర్ దాటాక. కన్వర్టర్‌కు ముందే చిల్లుంటే వచ్చేది శుద్ధి కాని వాయువు. కారులో కూర్చుంటే పొగ వాసన తగులుతున్నా, తలనొప్పి వచ్చి బయటికి దిగితే తగ్గుతున్నా ఆ బండిని లీకు దొరికేదాకా నడపవద్దు. సెల్లార్‌లో గానీ, షట్టర్ దించిన గ్యారేజీలో గానీ ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిద్రపోవద్దు. షెడ్డుకు వెళ్లినప్పుడు కన్వర్టర్‌నో, డీపీఎఫ్‌నో మార్చాలని చెబితే ఒప్పుకునే ముందు మూడు అడగండి: ఫ్యూయల్ ట్రిమ్ ఎంత ఉంది, లీకు పరీక్ష ఎలా చేశారు, మిస్సింగ్ గానీ ఆయిల్ తాగడం గానీ ఉందా. ఈ మూడింటికీ స్పష్టమైన జవాబు రాకపోతే కొత్త పార్టుకు డబ్బు కట్టకండి.